వెలగవీటి దర్శనము

కార్తీకమాసపు తొలిదినములలో నొకనాటి ప్రభాతసమయమున, వర్షాకాలపు మేఘములన్నియు దమ కొలువు చాలించుకొని సముద్రముదెసకు మరలిపోగా నిర్మలమైన యాకాశమున నరుణకాంతి మెల్లమెల్లగా నలముకొనుచుండ, పాలుపోసికొని తలలు వాల్చిన వరిచేలమీదనుండి చల్లనిగాలి మంచువాసనను మోసికొని వచ్చుచుండ, పసులకాపరులును పాలవారును వీథులలో నొండొరులను బలుకరించుకొనుచుండ, రేగుపాలెమున సోమరాజుగారి లోగిలి సింహద్వారము ముంగిట నొక క్రొత్త మోటారుబండి నాలుగువైపుల నీలితెఱలు దింపుకొని ముసుగులోని పెండ్లికూతురివలె నిలిచియుండెను.

ఆ బండి యనంతగిరి కొండలపైని దృశ్యములను జూపుటకు బయలుదేరుచున్నది. చూడవలసినవారిలో ముఖ్యులైన యిరువురు స్త్రీలును తెఱలవెనుక గూర్చుండవలసినవారు. ఇందు వింతయేమియు గలదని యా యింట నెవ్వరికిని దోపలేదు. ఆ రాజకుటుంబమున ఘోషా తాతముత్తాతలనాటినుండి వచ్చుచున్న కట్టుబాటు. పదియేండ్లు నిండిన యాడుబిడ్డ పరపురుషుని కంటబడరాదు, అతనిని గంట జూడనురాదు. బండి క్రొత్తదైనంతమాత్రమున గట్టుబాటు పాతబడునా యని సోమరాజుగారి తల్లి యచ్చియ్యమ్మగారు దర్జీని పిలిపించి దగ్గఱుండి తెఱలు కుట్టించిరి. అంతటితో నూరకొనక, వెనుకటి త్రోవ కనబడుటకై డ్రైవరుముందు బిగించియున్న చిన్న యద్దమునుగూడ విప్పించి గుడ్డలో జుట్టి యటుకపై బెట్టించిరి. డ్రైవరు గవరయ్య వెనుక వచ్చు బండ్లనిక జెవులతోనే కనిపెట్టవలసియుండెను.

సోమరాజుగారి భార్య చంద్రాయమ్మ యిరువదియేడేండ్ల వయసుది. కొండలును జలపాతములును జూడవలెనని యామెకు గొప్ప యాశ లేదు. ఆమె కోరిక యొక్కటే. పదునాలుగేండ్ల క్రిందట దాను విడిచివచ్చిన పుట్టినయూరు వెలగవీటిని దూరమునుండియైన నొక్కసారి కన్నులార జూడవలెను. ఆ కోరిక ముందునాడు మొదలామెను దినుటకు గాని పరుండుటకు గాని స్థిమితముగా నుండనీయలేదు.

ఇన్నియేండ్లును బుట్టినింటికేల పోలేదని చదువరు లడుగవచ్చును. కారణము చెప్పిన నవ్వుదురు. కాని యది నవ్విపోవు కారణము గాదు. పెండ్లినాడు మగపెండ్లివారి పల్లకి వెలగవీటి పొలిమేరకు వచ్చి నిలువగా నెదురుకోలునకు రావలసిన యామె తండ్రి రాలేదు. ఆయన యూరికావలి తోపులో దన నెమలివన్నె కోడిపుంజును బందెమునకు దింపియుండెను. పుంజు గెలుచునంతవఱకు నాయన కదలలేదు. పుంజు మిక్కిలి తాపీగా గెలిచినది. పెండ్లికొడుకును అతని తండ్రియు జైత్రమాసపుటెండలో జాముసేపు మాడిరి. పెండ్లి యేమో జరిగినది. కాని కోడలిని వెంటబెట్టుకొని కదలునప్పుడు మామగారు గుమ్మమున నిలిచి యిక మీదట మావారెవ్వరును నీ గడప త్రొక్కరని, నీవారును మా గడప యెక్కరాదని యొట్టుపెట్టుకొనిరి. తరువాత బుంజు చచ్చినది. తండ్రియు బోయెను. అయిదేండ్ల క్రిందట మామగారును స్వర్గస్థులైరి. ఒట్టు మాత్ర మింకను నిక్షేపముగా నున్నది.

వెలగవీట నిప్పుడు తల్లి యొక్కతెయే యున్నది. తల్లికిని గూతురికిని నడుమ నేటికి రెండుమారులు వచ్చిపోవు మనిషి గాజుల సత్తెమ్మ. సత్తెమ్మ రేగుపాలెమున జంద్రాయమ్మకు గాజులు తొడిగి, అదే కొలత గాజు నొకదానిని వెలగవీటికి గొనిపోయి తల్లి చేతిలో బెట్టును. తల్లి యా గాజును వ్రేళ్లతో దడవి కూతురు చిక్కినదో యొడలుచేసినదో గ్రహించి పెట్టెలో దాచుకొనును. ఆ పెట్టెలో నిరువదియెనిమిది గాజు లున్నవట. మొన్నటి శ్రావణమున సత్తెమ్మ వచ్చినప్పుడు, పెద్దామెకు జూపు నానాటికి దగ్గిపోవుచున్నదనియు, బిడ్డ ముఖమొకసారి చూచినపిమ్మట నా చూపు పోయినను విచారము లేదని యనుచున్నదనియు జెప్పి కన్నులొత్తుకొనెను. చంద్రాయమ్మకు నాటినుండి మనసు మనసులో లేదు.

అట్టి సమయమున సోమరాజుగారు భోజనానంతరమున దాంబూలము వేసికొనుచు, అనంతగిరి ఘాటీలో సున్నపుబండ మలుపనునొక చోటు గలదనియు, అచటనుండి చూచిన క్రిందిసీమలోని యూళ్లన్నియు బొమ్మలకొలువువలె గనబడుననియు, వెలగవీడు సయితము వానిలోనిదేననియు మాటవరుసకు జెప్పిరి. చంద్రాయమ్మ చేతిలోని యాకు చేతిలోనే నిలిచిపోయెను. ఊరిని జూచుటకు గడప త్రొక్కనక్కఱలేదు. కావున నొట్టునకు లోపము రాదు. ఈ తర్కము నామె రెండుదినములు మనసులో నటునిటు త్రిప్పిచూచి మగనిముందు బెట్టెను. సోమరాజుగారు మంచివారు, ఎదుటివారు నోరువిప్పి యడిగినదానిని గాదనలేరు, అడుగనిదానిని దలపనులేరు. సరే చూపించెదనని మాటయిచ్చిరి.

బండి కదలెను. ముందు డ్రైవరు ప్రక్కన సోమరాజుగారును, వారి యొడిలో దొమ్మిదేండ్ల కూతురు అమ్మాజీయు గూర్చుండిరి. రాబోవు విజయదశమికి బదియేండ్లు నిండును గనుక నా చిన్నది యింకొక సంవత్సరము ప్రపంచమును జూడవచ్చును. వెనుక దెఱలలో నత్తాకోడండ్రు కూర్చుండిరి. అచ్చియ్యమ్మగారి కుడిచేయి తెఱయంచున నుండెను. ఎట్టి కుదుపు వచ్చినను నా చేయి యచటనుండి కదలలేదు. తెఱకును దలుపునకును నడుమ రెండువ్రేళ్ల సందు మాత్ర ముండెను. చంద్రాయమ్మ యా సందునుండి త్రోవ పొడవున మైలురాళ్ల మొదళ్లను, బాటసారుల పాదములను, చెట్లవ్రేళ్లను జూచుచు వచ్చెను. మిగిలిన ప్రపంచమంతయు నామెకు గూతురి నోటనే చేరుచుండెను. కొండ వచ్చినదనియు, కొండమీద గొండ యున్నదనియు, కోతి తన పిల్లను బొట్టకు గట్టుకొని దూకుచున్నదనియు, మబ్బు తమకంటె గ్రిందుగా బోవుచున్నదనియు నమ్మాజీ వెనుకకు దిరిగి తెఱతో జెప్పుచుండెను. మబ్బు క్రిందుగా బోవుటేమని యచ్చియ్యమ్మగారు మందలించిరి.

ఘాటీ సగమెక్కిన పిమ్మట నొక జలపాతమువద్ద బండి యాగెను. ఆడువారు దిగి చూడవలెనన్న బెద్ద యేర్పాటు కావలయును. రెండు పట్టుచీర లొకటిగా ముడివైచి సోమరాజుగారొక కొనయు, గన్నులు గట్టిగా మూసికొని గవరయ్య యింకొక కొనయు బట్టుకొనగా నా చాటున నత్తాకోడండ్రు దిగిరి. దిగీదిగకమున్నే జలపాతము పైగట్టున నిరువురు కట్టెలవాండ్రు ప్రత్యక్షమైరి. చీరను వెంటనే యావైపునకు మార్చిరి. కట్టెలవాండ్రు కదలలేదు, మోటారుబండి వారికి జలపాతముకంటె వింతగా నుండెను. కొంతసేపటికి స్త్రీలు జలపాతమును జక్కగా విని బండిలోనికి మరలి వచ్చిరి. చంద్రాయమ్మ కించుకయు విచారము కలుగలేదు. ఆమె తన కన్నులను మఱియొకదానికై దాచుకొనియుండెను.

మధ్యాహ్నమునకు గాఫీతోటల నడుమ నాగి, సోమరాజుగారు చెట్టునీడను, స్త్రీలు తెఱలలోనను పులిహోరయు దద్ధ్యోదనమును భుజించిరి. అక్కడినుండి వెంటనే బయలుదేరియున్న నంతయు సవ్యముగానే యుండెడిది. కాని యా దారిని వచ్చిన యడవిశాఖ యధికారి యొకరు బండి బాగున్నదని యొక్క మాటన్నారు. సోమరాజుగారు ముందరి మూత యెత్తి యంత్రము నందలి ప్రతి భాగమును వారికి జూపి, మూత దింపి, మఱియొకటి జ్ఞప్తికి వచ్చి మరల నెత్తిరి. తెఱలోపల జంద్రాయమ్మ యెండ తన పాదములమీదనుండి ప్రక్కకు జరుగుచుండుట చూచుచు గూర్చుండెను. మగనిమీద నామెకు గోపము వచ్చెను. వచ్చిన కోపమును జేయునదిలేక మ్రింగుకొనెను.

సున్నపుబండ మలుపునకు జేరునప్పటికి బ్రొద్దు పడమటికి దిరిగియుండెను. బండమీద జనమున్నారు. విశాఖపట్టణమునుండి బస్సులో వచ్చిన రెండుమూడు గుమాస్తాల కుటుంబములవారు, ఆడువారును మగవారును గలసియే కూర్చుండి కమలాపండ్లొలుచుకొని తినుచు దీరికగా గబురులు చెప్పుకొనుచుండిరి. సోమరాజుగారు తెఱదగ్గఱకు వచ్చి, జనము పోవువఱకు గొంచెమాగుదమనిరి. ఆగిరి. ఒక పండు ముగిసిన నింకొక పండు పుట్టుచుండెను. గవరయ్య దగ్గి, ఇంకను నాలస్యమైన నద్దములేని బండిని జీకటిలో ఘాటీ దింపుట తనవలన గాదని వినయముగా మనవిచేసెను. అందు న్యాయము లేకపోలేదు.

సోమరాజుగారు తెఱవంక దిరిగి భార్యతో మెల్లగా బలికిరి. “ఇవాళ్టికి వీలు కాదండి. వచ్చే కార్తీకానికి పెందరాళే బయలుదేరి, మిమ్మల్ని తప్పకుండా తీసుకొస్తాను.”

వచ్చే కార్తీకము. చంద్రాయమ్మ యా మాటను దనలో ననుకొని చూచెను. వచ్చే కార్తీకమునకు వెలగవీట జూపున్న కన్ను లుండునో యుండవో. తాను జూచినంతమాత్రమున దల్లి తన్ను జూడలేదు, నిజమే. కాని తల్లి చూపు వ్రాలుచున్న యా ముంగిటిపై దన చూపును వ్రాలినదన్న దృప్తియైన మిగులును. ఆమె కూతురిని దగ్గఱకు బిలిచి, పోయి యూరు చూచి రమ్మని పంపెను. అమ్మాజీ పరుగున బోయి పరుగున వచ్చి తెఱకు నోరానించి చెప్పెను.

“ఊళ్లు అయిదున్నాయమ్మా. అయిదింటికీ చెట్లున్నాయి. అయిదింట్లోనూ తెల్లమేడలున్నాయి. వెలగవీడు ఎలాగుంటుందో చెప్పండి, నేను పోల్చుకొని వస్తాను.”

చంద్రాయమ్మ చెప్పబోయి యాగెను. పుట్టినయూరు మాటలతో జెప్పి పోల్పించవలసిన వస్తువా; తాను చూచిన చాలును, ఇదిగో నేనని యా యూరే చెప్పును. ఆమె ప్రక్కకు దిరిగి, పదునాలుగేండ్లలో నత్తగారి యెదుట నాడని స్వరముతో, “నేను దిగుతానండి” అనెను. అచ్చియ్యమ్మగారు తెఱయంచును మఱింత గట్టిగా బట్టుకొనిరి. చంద్రాయమ్మ యా ముదుసలి చేతిని దన రెండుచేతులతో బట్టి, నిద్రించు బిడ్డ చేతినెత్తినట్లు మెల్లగా నెత్తి యత్తగారి యొడిలో బెట్టెను. తెఱ తొలగించి నేలపై గాలుమోపెను. గవరయ్య చటుక్కున గన్నులు మూసికొనెను. సోమరాజుగారు ప్రక్కకు దొలగి త్రోవయిచ్చిరి.

ఆకాశము మీదపడలేదు. బండమీది గుమాస్తాలు ముఖములు ప్రక్కకు ద్రిప్పుకొనిరి. వారిలో నొక వృద్ధురాలు కొంచెము జరిగి, “ఇలా రా తల్లీ, ఇక్కణ్ణుంచి బాగా కనిపిస్తాది” అని చోటిచ్చినది. చంద్రాయమ్మ ముసుగులేని ముఖమున గొండగాలి తగులుచుండగా బండయంచువఱకు నడచి పోయెను.

అచట, మూడువేల యడుగుల లోతున, కొండపాదముల మొదలుకొని కనుచూపు మేరవఱకు, అపరాహ్ణాతపమున బసుపురాసినట్లు మెఱయు వరిచేలతోడను, వానినడుమ మెలికలు దిరుగు సన్నని యేటితోడను, ఎఱ్ఱమట్టి బాటలతోడను, తాటితోపులతోడను గూడిన యా సీమ యంతయు నామె యెదుట విచ్చికొని యుండెను. ఇంత భూమి యున్నదని యామె యెఱుగదు. క్షణకాలము తాను వచ్చిన పనియే మఱచి చూచెను. పిమ్మట నూళ్లకొఱకు వెదకెను. అయిదూళ్లును గనబడినవి. మొదటిదానిని జూచెను; అది నేనని చెప్పలేదు. రెండవదానిని జూచెను. మూడవదానిని, నాలుగవదానిని, అయిదవదానిని జూచి మరల మొదటికి వచ్చెను. ఏ యూరును బలుకలేదు.

అప్పుడామెకు దెలిసినది. వెలగవీటిలో నామె యెఱుగనిది లేదు. నడవలోని యెన్నవ స్తంభమునకు బీటయున్నదో యెఱుగును; నూతిగట్టున దల్లి కాలుజాఱిన తావెఱుగును; దంపుళ్లగదిలో మధ్యాహ్నవేళ నెండపొడ యే మూలకు వచ్చునో యెఱుగును. కాని యా యింటిని వీథినుండి యెన్నడు జూచినది గాదు. ఆ యూరిని బొలిమేరనుండి యెన్నడు జూచినది గాదు. ఘోషా వచ్చువఱకును బసితనమున దాను తిరిగిన లోకమంతయు లోగిలి ప్రహరిలోపలిదే. పదుమూడవయేట మూసిన పల్లకిలో గదలినప్పుడామెకు గనబడినవి బోయీల మడమలును, వారు రేపిన దుమ్మును మాత్రమే. తన యూరెట్లుండునో యామె కెవ్వరును జూపలేదు, ఆమెకు జూడవలెనని తోపనులేదు. పదునాలుగేండ్లు దేనికై తపించెనో దాని రూపమే తానెఱుగదు. కనులెదుట నున్నది, కాని యేదో తెలియదు. ఆమె యటనే కూలబడి పైట నోటికడ్డముపెట్టుకొని వెక్కి వెక్కి యేడ్చెను.

అమ్మాజీ తల్లి భుజము పట్టుకొని యడిగెను. “అదేనా అమ్మా? ఆ ఏటి పక్కనున్నది?”

“తెలీదు తల్లీ” అనెను చంద్రాయమ్మ. “మా ఊరు బయట్నుంచి నేనెప్పుడూ చూళ్లేదు.”

సోమరాజుగారు దగ్గఱకు వచ్చి చేయి యడ్డుపెట్టుకొని చూచి, పెండ్లినాటి యెండ తప్ప దనకు నేమియు జ్ఞప్తికి లేదని చిన్నబోయి యొప్పుకొనిరి. గవరయ్య యావైపున కెన్నడును బోయినవాడు కాడు; బండమీదివారిలో నా సీమవారెవ్వరును లేరు. ప్రొద్దు గడచుచుండెను. చంద్రాయమ్మ లేచి కన్నులు దుడుచుకొని మొదటి యూరికి జేతులు జోడించి నమస్కరించెను. రెండవదానికి నమస్కరించెను. ఇట్లయిదూళ్లకును వరుసగా మ్రొక్కెను. అయిదింటిలో నొక దానియందు దల్లి యున్నదిగదా. మ్రొక్కి బండిలోనికి వచ్చి కూర్చుండెను. తనవైపు తెఱను మాత్రము దింపలేదు.

బండి దిగుదారి పట్టెను. అచ్చియ్యమ్మగారు కోడలు తన యొడిలో బెట్టిన చేతి నట్లే యుంచుకొని యెదుటి తెఱను జూచుచుండిరి. అది కోపమో మఱియేమో చంద్రాయమ్మ కర్థము కాలేదు. ఆమెకు దెలిసికొనవలెనన్న చింతయు లేదు. ఆమె చూపంతయు ముందుతెఱ సందునుండి దండ్రియొడిలో గునికిపాట్లు పడుచున్న కూతురి జడమీద నుండెను. ఈ చిన్నదియు నింకొక యేడాదికి దెఱలోపలికి వచ్చును. ఆ పిమ్మట నొకనాడు మూసిన బండిలో నెచటికో పోవును. పోయి యెచటనుండియో మనయూరెట్లుండునని తన్నుకొనును. ఆ తలపు రాగానే యామె మనసులోని దుఃఖము నిలుకడకు వచ్చినట్లయ్యెను.

ఘాటీ దిగి, మైదానమున గొంతదూరము గడచి, రేగుపాలెమునకు దక్షిణమున నున్న మిట్టయెక్కు సమయమునకు సూర్యుడింకను బారెడెత్తున నుండెను. చంద్రాయమ్మ, “బండి ఆపు గవరయ్యా” అనెను. ఏండ్ల తరబడి యా యింట నున్న గవరయ్య చిన్నదొరసాని గొంతు వినుట యదియే మొదలు. అతడు దొరగారి ముఖము చూచెను. సోమరాజుగారు కొంచెమాలోచించి ఆపుమనిరి.

చంద్రాయమ్మ కూతురిని లేపి దింపి, భుజములు పట్టుకొని యూరివైపు ద్రిప్పి నిలిపెను. “బాగా చూడమ్మా. అది మనూరు. మనిల్లేదో మీ నాన్నగారిని అడుగు. నాకూ తెలీదు. ఇద్దరం ఇవాళే నేర్చుకుందాం” అనెను. సోమరాజుగారు బండి దిగి వచ్చిరి. వారు వంగి కూతురి చెంపకు దన చెంపనానించి, ముందు మామిడితోపును, తోపుకు గుడిచేతివైపు ధాన్యపుగాదెలను, గాదెల వెనుక నెఱ్ఱపెంకుల మూడువసారాల లోగిలిని వ్రేలితో వరుసగా జూపిరి. అమ్మాజీ వానిని బాఠమువలె నొకమా రప్పగించెను. కన్నులు మూసికొని మఱియొకమారప్పగించెను. తల్లియు బెదవులలో దానితోబాటప్పగించెను.

అప్పుడు బండిలోనుండి యచ్చియ్యమ్మగారి కంఠము వినబడెను.

“అబ్బాయీ, నన్నూ దింపు. నలభై రెండేళ్లయింది. మనిల్లు ఎలాగుంటాదో నేనూ చూడలేదు.”

ఎవ్వరును దెఱ యెత్తవలసిన యక్కఱ లేకపోయెను. ఆమెయే యెత్తి దిగిరి. కోడలు చేయందియ్యగా బట్టుకొని మిట్టయంచునకు వచ్చి నిలిచిరి. మనుమరాలు తానిప్పుడే నేర్చిన పాఠమును నాయనమ్మకు జెప్పెను. తోపు, గాదెలు, ఎఱ్ఱపెంకులు. ఆమె యన్నింటిని జూచిరి. వానిపైన గాలిలేని సాయంకాలపుటాకాశమున నీలముగా నిటారుగా లేచుచున్న పొగనొకదానిని జూపి యదియేమని యడిగిరి. అది మన వంటయింటి పొగయేనని సోమరాజుగారు చెప్పిరి.

అచ్చియ్యమ్మగారు, “కాపరానికొచ్చింది మొదలు ఆ పొగలోనే ఉన్నాను. ఇంత పైకి వెళ్తుందని ఎరగను” అనిరి. ముఖముమీదికి జాఱిన పైటను వెనుకకు ద్రోసికొని, ఆ పొగ యెక్కడ నాకాశములో గలసిపోవుచున్నదో చూచుటకై మెడ నిక్కించిరి.